మర్యాదకి ఒక ‘బా’

మార్చి 2

షాపు లెక్క రాయడం అయిపోయింది. గిరాకీ లేదు. ఇవాళ్టి పాఠం సంగతి.

ఒక ఉద్యోగి ఆఫీసుకి ఆలస్యంగా వస్తాడు. పై అధికారి అతన్ని చూసి, “మీ కొత్త గొడుగు చాలా బాగుంది” అంటాడు. కథ అంతే. కింద ప్రశ్న: అధికారి ఉద్దేశం ఏమిటి? నాలుగు జవాబులు ఇచ్చారు. “ఆయనకి గొడుగు నచ్చింది” అన్నదానికి టిక్కు పెట్టాను. పుస్తకం వెనక చూస్తే తప్పట. గొడుగు కొనడానికి తీరిక దొరికింది గానీ వేళకి రావడానికి దొరకలేదా అని దెప్పడమట.

కథలో ప్రతి అక్షరం నాకు తెలుసు. నిఘంటువు ముట్టుకోలేదు. మరి తప్పెలా అవుతుంది? గొడుగు బాగుందనే కదా ఆయన అన్నది? దెప్పదలచుకుంటే దెప్పాలి. జవాబు పక్కన పెన్సిలుతో “ఒప్పుకోను” అని రాశాను.

మొదటి పుస్తకంలో ఈ గొడవ లేదు. పిల్లి ఎక్కడ ఉంది? కుర్చీ కింద ఉంది. మధ్యమ స్థాయికి వచ్చాక కూడా పిల్లి కుర్చీ కిందే ఉంటుంది. కానీ అది ఎందుకు అక్కడ దూరిందో, ఇంటావిడకి దాని మీద కోపమో కాదో మనం చెప్పాలి.

మార్చి 4

పక్క షాపు టైలరు వచ్చి, కౌంటరు మీది కాగితం తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏంటండీ తాళాలాయనా, కొత్త రకం తాళం బొమ్మా?”

“చైనా మాట.”

“ఏమని?”

“వియ్యంకుడు.”

“ఒక్క వియ్యంకుడికి ఇన్ని గీతలా?”

“వియ్యంకుడు కదా.”

టైలరు చాలాసేపు నవ్వాడు. అతను వెళ్ళాక నేనూ కొంచెం నవ్వుకున్నాను.

వియ్యంకుడికి ఇంగ్లీషులో సరైన మాటే లేదట. చైనా భాషలో ఉంది: ఛింగ్ జ్యా. అది తెలిసిన రోజునే ఈ భాష మీద నాకు నమ్మకం కుదిరింది.

మార్చి 5

ఇత్తడి రజను పుస్తకంలో పడింది. దులిపినా పోలేదు. ఆ పేజీ కాస్త మెరుస్తోంది.

మార్చి 8

సాయంత్రం మా చిన్నమ్మాయీ, చిన్నది చేసుకోబోయే చైనా కుర్రాడూ వచ్చారు. కుర్రాడు పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడుపళ్ళు తయారు చేస్తాడు. తెలుగు మేము నేర్పిందే. మర్యాద మాత్రం మేము నేర్పినదానికంటే ఎక్కువ పట్టుబడింది. వస్తూనే, “మావయ్యగారూ, వీధిలో కుక్కగారు వానలో పూర్తిగా తడిసిపోయారండీ” అన్నాడు. ఎవరూ దిద్దలేదు. దిద్దాలని ఎవరికీ లేదు.

రెండేళ్ళ కిందట అతను మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు భోజనం ముగిసేదాకా నేనేమీ మాట్లాడలేదు. వెళ్తూ వెళ్తూ అతను, “మా నాన్నగారు కూడా మాట్లాడరండీ. మీ ఇద్దరికీ బాగా కుదురుతుంది” అన్నాడు. ఆ మర్నాడే మొదటి పుస్తకం కొన్నాను. చదవడం మాత్రమే. ఆ భాషలో ప్రతి అక్షరానికీ ఒక రాగం ఉంటుంది. షాపులో కూర్చుని ఆ కూనిరాగాలు పైకి తీస్తే తాళం చెయ్యించుకోవడానికి వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళిపోతారు.

వియ్యంకుడుగారితో ఇప్పుడు ఫోనులో నాకు ఏడాది పరిచయం. ఆయన తన పూలకుండీ ఫోటో పంపుతారు. నేను “బాగుంది” అంటాను. నేను ఏదైనా పాత తాళం ఫోటో పంపుతాను. ఆయన “బాగుంది” అంటారు. ఇంత హాయిగా నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

“ఫోనే అనువాదం చేసి పెడుతుందిగా నాన్నా, ఎందుకీ తంటా?” అంటుంది చిన్నది. మొదట్లో అదే చేశాను. “నాది తాళాల షాపు” అని నేను కొడితే, ఫోను తాళాన్ని పాటలో వేసే తాళం అనుకుంది. నెల్లాళ్ళు ఆయన నన్ను సంగీత విద్వాంసుణ్ణనుకున్నారు. ఒక పాట పంపమని కూడా అడిగారు. ఆనాటి నుంచీ మా మధ్యకి ఏ యంత్రాన్నీ రానివ్వను.

మార్చి 11

ఇవాళ వియ్యంకుడుగారి నుంచి ఫోటో లేకుండా మాట వచ్చింది. అదీ పొడుగాటి వాక్యం. గిరాకీని కాసేపు ఆగమని చెప్పి చదివాను.

“వచ్చే నెల మేము మిమ్మల్ని చూడడానికి రావాలనుకుంటున్నాం. కొన్నాళ్ళు ఉంటాం.” ఇంతవరకూ నిక్షేపంగా అర్థమైంది. చివర రెండక్షరాలు: ఫాంగ్ బియెన్. ఆ తరవాత ప్రశ్న గుర్తు.

ఫాంగ్ బియెన్ నాకు బాగా తెలుసు. పదిహేడో పాఠంలో బస్సు ఆపించి ఒకాయన ఫాంగ్ బియెన్‌కి వెళ్తాడు. అంటే దొడ్డికి వెళ్ళడం. సభ్యంగా చెప్పే మాట.

వియ్యంకుడుగారు మా ఇంట్లో బాత్‌రూము ఉందా అని అడుగుతున్నారు.

మార్చి 12

రాత్రంతా అదే ఆలోచన. పెద్దమనిషి, మొదటిసారి వస్తూ, అది అడుగుతారా? అడగొచ్చు. వయసు మీద పడ్డాక నేనైనా అదే అడుగుతాను, ధైర్యం ఉంటే. అయినా నేను పొరబడ్డానేమో. మళ్ళీ చెప్పమని అడగడం మంచిది.

పుస్తకంలో దానికి వాక్యం ఉంది: ఛింగ్ జాయ్ ష్వో యి బియెన్. దయచేసి మరొక్కసారి చెప్పండి. చాలా పొడుగు. గిరాకీతో గుమస్తా మాట్లాడినట్టుంది. వియ్యంకుళ్ళ మధ్య అంత లాంఛనం ఎందుకని ముందూ వెనకా కత్తిరించాను. జాయ్ అంటే మళ్ళీ. ష్వో అంటే చెప్పడం. ఊరికే అలా వదిలేస్తే మోటుగా ఉంటుందని చివర మర్యాదకి ఒక ‘బా’ చేర్చాను. మన ‘అండీ’ లాంటిదే అది.

జాయ్ ష్వో బా. మళ్ళీ చెప్పండీ.

మూడే అక్షరాలు. ఏ పుస్తకమూ చూడకుండా సొంతంగా కూర్చిన మొదటి మాట. పంపాక టీ తెప్పించుకుని తాగాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళి బాత్‌రూము తలుపుకి కొత్త గడియ బిగించాను. పాతది ఊడిపోయి ఏళ్ళయింది. లోపల ఎవరున్నా దగ్గుతూ ఉండాలి. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడి చూసింది.

“ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?”

“ఉంది.”

“ఎన్నిసార్లు చెప్పినా ‘చూద్దాం’ అనేవారు. ఊళ్ళో తాళాలన్నీ బాగుచేసే మనిషి ఇంట్లో నేను దగ్గుతూ స్నానం చేశాను ఇన్నేళ్ళూ.”

కారణం చెప్పలేదు. ఖాయమయ్యాక చెబుతాను.

మార్చి 13

జవాబు రాలేదు. ఎలా అడగాలా అని మొహమాటపడుతున్నట్టున్నారు.

మార్చి 14

రాలేదు.

మార్చి 16

ధైర్యం చెప్పినట్టు ఉంటుందని గడియ ఫోటో పంపాను. కొత్త గడియ, మెరుస్తోంది. “బాగుంది” రాలేదు. తలుపుకి గడియ పెట్టిన ఫోటో చూసి ఎవరైనా సంతోషించాలి. ఆరోగ్యం బాగా లేదేమో.

మార్చి 20

ఇంట్లో గొడవ. కుర్రాడి అమ్మానాన్నలు వచ్చే నెల రారట, పెళ్ళికీ రారట.

చిన్నది గోడకి ఆనుకుని కూర్చుని ఏడ్చింది. “మేము రాకపోతేనే అందరికీ సుఖం అన్నారట నాన్నా వాళ్ళ నాన్న. ఎందుకో చెప్పట్లేదట. పెట్టె సర్దుకున్నవాళ్ళు మళ్ళీ విప్పేశారట.”

“మనం ఏమైనా అన్నామా?” అంది మా ఆవిడ. “ఏమండీ, మీరేమైనా అన్నారా?”

“నేనా?” అన్నాను.

“అదీ నిజమే. మీరేం అంటారు పాపం.”

కుర్రాడు పంతం మీద ఉన్నాడట. వాళ్ళు రాకపోతే రానీ, ఎవరినీ పిలవకుండా మనిద్దరం వెళ్ళి సంతకాలు పెట్టేద్దాం అంటున్నాడట. చిన్నది ఒప్పుకోలేదు. వాళ్ళు లేకుండా పెళ్ళే వద్దంది.

వియ్యంకుడుగారికి ఏదో మనస్తాపం కలిగింది. ఎవరి వల్లో తెలియదు. గడియ ఫోటో చూసి తాళం వేసుకుంటున్నామనుకున్నారా? అదే అయి ఉండాలి. ఫోటో తీసేశాను.

మార్చి 22

కుర్రాడు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. భోజనం వద్దన్నాడు. బయట చినుకులు.

“కుక్క తడిసింది” అన్నాడు.

‘గారు’ లేదు. ‘అండీ’ లేదు. మా ఆవిడ నా వైపు చూసింది. ఇంత దూరం వెళ్ళిందనుకోలేదు.

మార్చి 25

మనసు బాగా లేక పాఠం తీశాను. ఇరవై ఆరో పాఠం.

ఒక అమ్మాయి స్నేహితురాలిని ఆదివారం కొండ ఎక్కుదాం రమ్మంటుంది. స్నేహితురాలు “జాయ్ ష్వో బా” అంటుంది. నా మాటే! పుస్తకంలో అచ్చు వేశారు! నేను సొంతంగా కూర్చానని అనుకున్నది నిజంగానే భాషలో ఉందన్నమాట. కాసేపు అన్నీ మరిచిపోయాను.

ప్రశ్న: స్నేహితురాలి ఉద్దేశం ఏమిటి? అ. ఆమెకి సరిగ్గా వినపడలేదు. ఆ. ఆమె తప్పక వస్తుంది. ఇ. ఆమెకి రావడం ఇష్టం లేదు. ఈ. ఆమెకి కొండలంటే భయం.

‘అ’కి టిక్కు పెట్టాను. గట్టిగా పెట్టాను. వెనక చూశాను.

ఇ.

అచ్చుతప్పు అయి ఉంటుంది. ఇలాంటి పుస్తకాల్లో మామూలే.

మార్చి 26

అచ్చుతప్పు కాదేమోనని పెద్ద నిఘంటువు చూశాను. “ఆ సంగతి తరవాత చూద్దాం. (తరచు మర్యాదగా కాదనడానికి వాడతారు.)”

ఆ బ్రాకెట్లో ఉన్నది మళ్ళీ చదివాను. అలాగే ఫాంగ్ బియెన్ కూడా చూశాను. మొదటి అర్థం: వీలు, అనుకూలం. బాత్‌రూము నాలుగో అర్థం.

“వచ్చే నెల మిమ్మల్ని చూడడానికి వద్దామనుకుంటున్నాం, కొన్నాళ్ళు ఉంటాం, మీకు వీలవుతుందా?”

“చూద్దాం లెండి.”

ఇవాళ మూడు తాళంచెవులు తప్పుగా కోశాను.

మార్చి 27

పుస్తకాలు పొరబడొచ్చు. కుర్రాణ్ణే అడుగుదామని వాళ్ళ క్లినిక్‌కి వెళ్ళాను. చేతిలో ఒక పళ్ళసెట్టు పట్టుకుని బయటికి వచ్చాడు.

“ఒక స్నేహితుడికి సందేహం వచ్చింది. జాయ్ ష్వో బా అంటే ఏమిటని.”

“వద్దు అని, మావయ్యగారూ. మర్యాదగా చెప్పే వద్దు.”

“ఆ ‘బా’ వల్ల కొంచెం మెత్తబడదా?”

“మెత్తని వద్దండీ.” పళ్ళసెట్టు రెండో చేతిలోకి మార్చుకుని, “ఎవరండీ ఆ స్నేహితుడు?”

“టైలరు.”

“టైలరుగారు చైనీసు నేర్చుకుంటున్నారా?”

“ఈమధ్యే.”

అక్కడితో ఆగిపోతుందనుకున్నాను. కుర్రాడు సాయంత్రం పని దిగి సరాసరి టైలరు షాపుకి వెళ్ళాడట. చైనా భాష మాట్లాడే మనిషి దొరికాడని సంతోషం పట్టలేక. టైలరు చొక్కా కాలరు పట్టుకుని ఊపుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. కాలరు ఎవరిదో గిరాకీది.

“ఏమండీ తాళాలాయనా, మీ అల్లుడు నా షాపులో నిలబడి ఏదో అరగంట మాట్లాడాడు. నేను ఊఁ కొట్టాను. చివర చెయ్యి పట్టుకుని, మీరు జాయ్ ష్వో ఏదో ఎవరితో అన్నారని అడిగాడు. నేనెవరితో ఏమన్నానండీ? ఇంట్లోనే ఏమీ అనను నేను!”

టైలరు వెనకే కుర్రాడు నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు. కౌంటరు మీది పుస్తకం చూశాడు. పేజీ తెరిచే ఉంది. టిక్కు చాలా పెద్దది.

“మావయ్యగారూ,” అన్నాడు మెల్లగా. “మా నాన్నగారికా?”

అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది. “మళ్ళీ చెప్పమన్నాను,” అన్నాను. “కొంచెం కత్తిరించాను.”

మార్చి 28

రాత్రి భోజనాల దగ్గర అంతా చెప్పేశాను. కుర్రాడూ ఉన్నాడు. చిన్నది ఏడుపూ నవ్వూ ఒకేసారి మొదలుపెట్టి దేన్నీ పూర్తి చెయ్యలేకపోయింది.

మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే కూర్చుంది. “అయితే ఆయనకి మీరు ‘చూద్దాం’ అన్నారు.”

“తెలియక.”

“ఆయన వెంటనే వద్దని అర్థం చేసుకున్నారు.”

“ఆఁ.”

“మహానుభావుడు! మీ ‘చూద్దాం’కి అర్థం తెలియడానికి నాకు పెళ్ళయ్యాక ఏడేళ్ళు పట్టింది. ఆయనకి ఒక్క పూట పట్టింది.”

కుర్రాడు అక్కడే వాళ్ళ నాన్నకి ఫోను చేశాడు. మాటలు వేగంగా ఉన్నాయి, నాకు అందలేదు. పెట్టేసి తల అడ్డంగా ఊపాడు.

“నమ్మట్లేదండీ. ‘మీ మావగారి పరువు కాపాడడానికి నువ్వు కథలు అల్లుతున్నావు. పెద్దమనిషి, రెండేళ్ళుగా మన భాష చదువుతున్నాడు, తెలియకుండా అంటాడా?’ అన్నారు.”

“బాగా చదువుతున్నారని నువ్వే చెప్పావా?” అంది చిన్నది.

“చాలా బాగా అని చెప్పాను,” అన్నాడు కుర్రాడు, అపరాధం చేసినవాడిలా.

ఇక నేను చెబితేనే. వేరే దారి లేదు.

మార్చి 29

షాపు తెరవలేదు. ఉదయమంతా కూర్చుని రాశాను. కుర్రాడు దిద్దుతానన్నాడు. వద్దన్నాను, దిద్దితే అతనే రాశాడనుకుంటారు. ఈసారి ఏమీ కత్తిరించలేదు. బాత్‌రూము సంగతి, గడియ సంగతి, పదిహేడో పాఠంలో బస్సు సంగతి, ‘బా’ సంగతి, నేను తక్కువ మాట్లాడే మనిషినన్న సంగతి, అన్నీ రాశాను. పుట్టి బుద్ధెరిగాక ఒకేసారి ఇన్ని మాటలు నేను ఏ భాషలోనూ ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం జవాబు వచ్చింది. “ఛింగ్ జాయ్ ష్వో యి బియెన్.”

దయచేసి మరొక్కసారి చెప్పండి.

నేను రాసింది ఒక్క ముక్కా అర్థం కాలేదట. కుర్రాడు నా చేతిలోంచి ఫోను తీసుకుని చదివాడు. చదువుతున్నంతసేపూ పెదవి కొరుక్కున్నాడు.

“మావయ్యగారూ, ఇక్కడ బస్సు మీ ఇంట్లోకి వచ్చిందండీ. ఇక్కడ మా నాన్నగారిని గడియ వేసి ఉంచుతామని ఉంది.”

“ఎక్కడ?”

“చివర్లోనండీ. చాలా ప్రేమగా.”

మార్చి 30

ఇక ఫోను చెయ్యాలి. నోటితో. రెండేళ్ళలో ఒక్కసారి కూడా పైకి పలకని భాష.

ముందుగదిలో అందరూ నా వైపే చూస్తూ కూర్చున్నారు. నలుగురిలో నా వల్ల కాదు. ఫోను తీసుకుని బాత్‌రూములోకి వెళ్ళి గడియ వేసుకున్నాను. బయట అడుగుల చప్పుడు. ముగ్గురూ తలుపు దగ్గరికి వచ్చారు.

రెండోసారి మోగగానే ఎత్తారు. అవతల నిశ్శబ్దం. ఇవతలా అదే. మా ఇద్దరికీ అలవాటైనదే గనక కాసేపు అలాగే ఉన్నాం.

చిన్నది తలుపు మీద గోటితో తట్టింది.

“నిమన్ లాయ్” అన్నాను. మీరు రండి. గోడలకి తగిలి నా గొంతు నాకే రెండుసార్లు వినపడింది. రాగం ఎటు పోయిందో తెలియదు. పోనిమ్మని ఇంకొంచెం గట్టిగా అన్నాను. “యిదింగ్ లాయ్.” తప్పకుండా రండి. ఆ తరవాత, “నేను తప్పు. నేను చెప్పిన మాట తప్పు. రండి. రండి.”

వియ్యంకుడుగారు “ఆఁ” అన్నారు. ఆ మాట రెండు భాషల్లోనూ ఒకటే. కాసేపటికి ఇంకోసారి “ఆఁ” అన్నారు. తరవాత పక్కకి తిరిగి ఏదో గట్టిగా కేక వేశారు. అందులో నాకు దొరికింది ఒక్క మాట. ప్యావ్. టికెట్లు.

ఫోను చేతులు మారిన చప్పుడైంది. ఆడగొంతు. వియ్యపురాలు.

భోజనం చేశారా అని అడిగారు.

ఉదయం నుంచీ గాభరాలో ఏమీ తినలేదు. ఇంకా లేదన్నాను.

అక్కడ అందుకున్నారు. ఈ వేళకి తినకుండా ఉంటారా, ఈ వయసులో? వాక్యం మొత్తం రాస్తే చేతులు పడిపోతాయా? పెట్టె సర్దాను, మీ మూడక్షరాలు చూసి విప్పాను, మళ్ళీ ఇప్పుడు సర్దాలా? మా ఆయన ఇన్నాళ్ళూ కుండీల్లో నీళ్ళు పొయ్యలేదు, సగం మొక్కలు ఎండిపోయాయి, నాతో పలకలేదు. అసలే పలకరు, ఇక పలకకపోతే ఎలా ఉంటుందో తెలుసా? మీ ఆవిడకైతే తెలిసే ఉంటుంది, పాపం. చదువుకున్నారట చదువు! ముందు వెళ్ళి అన్నం తినండి!

అర్థం కోసం నేను ఒక్కచోట కూడా ఆగి ఆలోచించాల్సిన అవసరం రాలేదు.

గడియ తీశాను. ముగ్గురూ గుమ్మంలోనే ఉన్నారు. చిన్నది కుర్రాడి చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

“వస్తారటా నాన్నా?”

“వస్తున్నారు. టికెట్లు తీస్తున్నారు.”

చిన్నది అక్కడే కూలబడింది. కుర్రాడు తుండుగుడ్డ తెచ్చి ఇచ్చాడు. నా మొహం చెమటతో తడిసి ఉంది. “మావయ్యగారు పూర్తిగా తడిసిపోయారండీ” అన్నాడు.

మా ఆవిడ వడ్డిస్తూ అడిగింది. “ఆవిడ అంతసేపు ఏం మాట్లాడారండీ మీతో?”

“క్షేమసమాచారాలు” అన్నాను.